లివర్ ఆపరేషన్ తరవాత: మిగిలిన కాలేయం మాట



లివర్‌లో కేన్సర్ గడ్డ ఉందని తెలిసిన ఇంట్లో మొట్టమొదట వినిపించే మాట సెంటీమీటర్లు. "గడ్డ ఎంత ఉందిట?" "నాలుగు సెంటీమీటర్లట." చుట్టాలు ఫోన్ చేసినా అదే అడుగుతారు. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్న కొడుకు, కవర్లోంచి స్కానింగు రిపోర్టు తీసి ఆ ఒక్క అంకె కోసమే వెతుకుతాడు. ఆపరేషన్ చేసి తీసేస్తామని డాక్టరు చెప్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. గడ్డ పోతే జబ్బు పోయినట్టే కదా అని.

గడ్డ ఎంత ఉందని అడగాలి. తప్పకుండా అడగాలి. దాని వెంటనే రెండో ప్రశ్న కూడా అడగాలి. గడ్డ లేని చోట లివర్ ఎలా ఉంది? మళ్ళీ చెప్తున్నాను. గడ్డ లేని చోట లివర్ ఎలా ఉంది? ఆపరేషన్ తరవాత మనిషి ఆయుష్షు గడ్డ మీద ఎంత ఆధారపడుతుందో, మిగిలిన లివర్ మీద కూడా అంత ఆధారపడుతుంది. ఇవాళ మీతో మాట్లాడదలుచుకున్నది ఆ రెండో ప్రశ్న గురించే.

ముందు ఒక మాట. పెద్దపేగులోనో ఇంకెక్కడో పుట్టి లివర్‌కి పాకే కేన్సర్లు కూడా ఉన్నాయి. వాటి సంగతి వేరు. నేను చెప్తున్నది లివర్ కణాల్లోనే పుట్టే కేన్సర్ గురించి. ఇది చాలామందిలో అప్పటికే దెబ్బతిన్న లివర్‌లో పుడుతుంది. ఏళ్ళ తరబడి హెపటైటిస్ బి వైరస్ ఉన్న లివర్. హెపటైటిస్ సి ఉన్న లివర్. మందు తాగి తాగి పాడైన లివర్. షుగరు, ఊబకాయం వల్ల కొవ్వు పేరుకున్న లివర్. వాపు రావడం, మానడం, మళ్ళీ రావడం. మానిన చోటల్లా మచ్చ కడుతుంది. చివరికి లివరంతా గట్టిపడి బుడిపెలు తేలుతుంది. దీన్నే సిర్రోసిస్ అంటాం. ఆ బుడిపెల్లో ఏదో ఒకదానిలో కేన్సర్ మొదలవుతుంది.

అంటే మనిషి డాక్టరు దగ్గరికి వచ్చేది ఒక జబ్బుతో కాదు, రెండు జబ్బులతో. ఒకటి గడ్డ. రెండోది ఆ గడ్డని పుట్టించిన లివర్ జబ్బు. సర్జన్ మొదటిదాన్ని కోసి తీసేస్తాడు. రెండోది లోపలే ఉంటుంది.

మాంసం కొట్లో కార్జం చూసే ఉంటారు. ముదురు ఎరుపు, నున్నగా, మెత్తగా. ఆరోగ్యంగా ఉన్న మన లివర్ కూడా అలాగే ఉంటుంది. కుడిపక్క, పక్కటెముకల కింద, ఒకటిన్నర కిలో దాకా బరువు. అలాంటి నున్నటి లివర్‌లో మూడింట రెండు వంతులు కోసి తీసేసినా, మిగిలిన వంతు పెరిగి కొన్ని వారాల్లో, నెలల్లో దాదాపు పాత సైజుకి వస్తుంది. లోపలి అవయవాల్లో ఇంత బాగా తిరిగి పెరిగేది ఇంకొకటి లేదు. సిర్రోసిస్ వచ్చిన లివర్‌కి ఆ శక్తి బాగా తగ్గిపోతుంది. గట్టిపడిన లివర్‌లో సగం కోసేస్తే మిగిలిన సగం పెరగకపోవచ్చు. ఉన్న పనికే చాలకపోవచ్చు. 1970లలో లివర్ మీద పెద్ద ఆపరేషన్ అంటే ప్రాణం మీద ఆశ వదులుకుని బల్ల ఎక్కడమే. నూటికి పదిమంది, ఇరవైమంది కూడా ఆసుపత్రిలోనే పోయేవాళ్ళు. కొందరు రక్తం పోయి, కొందరు ఆపరేషన్ బాగానే జరిగినా తరవాత లివర్ చాలక.

మరి లివర్‌కి ఎంత శక్తి ఉందో ముందే తెలుసుకోవడం ఎలా?

రక్తపరీక్షల్లో ఎల్‌ఎఫ్‌టీ అని ఒకటుంది. లివర్ పనితీరు పరీక్ష. ఆ కాగితం మీద పది, పన్నెండు వరసలుంటాయి. మనవాళ్ళ చూపు సూటిగా ఎస్‌జీపీటీ అనే వరస మీదికి పోతుంది. అది 40 దాటితే గాభరా. తగ్గితే సంతోషం. శ్రోతలు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఎస్‌జీపీటీ లివర్ చేసే పనిని కొలవదు. లివర్ కణం దెబ్బతిన్నప్పుడు అందులోంచి రక్తంలోకి కారిపోయే పదార్థం అది. ఇప్పుడు ఎంత నష్టం జరుగుతోందో చెప్తుంది. ఎంత శక్తి మిగిలిందో చెప్పదు. బాగా ముదిరిన సిర్రోసిస్‌లో ఎస్‌జీపీటీ మామూలుగా ఉండే వాళ్ళు చాలామంది. దెబ్బతినడానికి కణాలే తక్కువ మిగిలి ఉంటాయి మరి. ఆ కాగితం చూసి "ఎస్‌జీపీటీ నార్మల్, లివర్ బాగుంది" అనుకుని వెనక్కి వెళ్ళిపోయిన వాళ్ళని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

లివర్ పనిని చెప్పే అంకెలు వేరే ఉన్నాయి. ముఖ్యంగా మూడు.

మొదటిది బైలిరుబిన్. మన ఎర్రరక్తకణం నాలుగు నెలలు బతుకుతుంది. అది చచ్చాక మిగిలే పసుపు రంగు పదార్థమే బైలిరుబిన్. దాన్ని రక్తంలోంచి తీసి పైత్యరసంలో కలిపి పేగులోకి పంపడం లివర్ పని. పని కుంటుపడితే ఆ పసుపు రక్తంలో పెరుగుతుంది. కళ్ళు పచ్చబడతాయి.

రెండోది అల్బుమిన్. ఇది రక్తంలో ఉండే ప్రోటీను. శరీరంలో దీన్ని తయారుచేసేది లివర్ ఒక్కటే. రోజుకి పది, పదిహేను గ్రాములు చేస్తుంది. రక్తంలోని నీరు నాళాలు దాటి బయటికి ఊరిపోకుండా పట్టి ఉంచేది ఇదే. ఇది తగ్గితే కాళ్ళు వాస్తాయి. పొట్టలో నీరు చేరడానికీ అదొక కారణం.

మూడోది రక్తం గడ్డకట్టే వేగం. పీటీ, ఐఎన్ఆర్ అని రిపోర్టులో రాస్తారు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాల్లో చాలావాటిని చేసేది లివరే. వాటిలో కొన్ని కొద్ది గంటలకి మించి నిలవవు. లివర్ ఎప్పటికప్పుడు చేస్తూ ఉండాలి. అల్బుమిన్ అలా కాదు, వారాల తరబడి నిలుస్తుంది. అందుకని ఐఎన్ఆర్ చూస్తే లివర్ ఇవాళ ఎలా పనిచేస్తోందో తెలుస్తుంది. అల్బుమిన్ చూస్తే గత కొన్ని వారాలుగా ఎలా పనిచేసిందో తెలుస్తుంది.

బైలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్. ఈ మూడు పేర్లు గుర్తుంచుకోండి. మన జిల్లా కేంద్రాల్లో మామూలు ల్యాబులో కూడా జరిగే పరీక్షలు ఇవి.

ఈ అంకెల్ని పట్టుకుని ఆపరేషన్ తరవాత ఏమవుతుందో చెప్పవచ్చునన్న ఆలోచన పాతదే. 1964లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ చైల్డ్, టర్కాట్ అనే ఇద్దరు సర్జన్లు ఒక పద్ధతి రాశారు. వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళు సిర్రోసిస్ వల్ల రక్తం కక్కుకుంటున్న రోగులు. ఎవరు ఆపరేషన్‌కి తట్టుకుంటారు, ఎవరు తట్టుకోరు? వాళ్ళు అయిదు విషయాలు చూశారు. బైలిరుబిన్ ఎంత, అల్బుమిన్ ఎంత, పొట్టలో నీరుందా, స్పృహ సరిగ్గా ఉందా, తిండి పుష్టి ఎలా ఉంది. తరవాత 1973లో లండన్‌లో ప్యూ అనే డాక్టరు, ఆయన సహచరులు తిండి పుష్టి తీసేసి, దాని బదులు రక్తం గడ్డకట్టే వేగాన్ని చేర్చారు. ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. ఇక్కడ మార్కులు తక్కువైతేనే మంచిది. మొత్తం అయిదు, ఆరు వస్తే ఏ తరగతి. ఏడు నుంచి తొమ్మిది దాకా బి. పది, ఆపైన సి. చైల్డ్ ప్యూ స్కోరు అంటారు దీన్ని. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. సి తరగతి వాళ్ళకి లివర్ కోసే ఆపరేషన్ చెయ్యరు. బి తరగతిలో ఎంతో ఆచితూచి, ఎవరో కొందరికి. ఎక్కువగా చేసేది ఏ తరగతి వాళ్ళకే.

ఈ స్కోరు వెయ్యాలంటే రోగిని పడుకోబెట్టి చూడాలి. పొట్ట మీద వేలు పెట్టి, ఆ వేలి మీద ఇంకో వేలితో కొట్టి వింటాం. నీరున్న చోట చప్పుడు మందంగా ఉంటుంది. మనిషిని ఓ పక్కకి ఒత్తిగిల్లమంటే ఆ మందపు చప్పుడు కూడా జరుగుతుంది. తరవాత చేతులు రెండూ ముందుకి చాపి, మణికట్టు దగ్గర పైకి వంచి, వేళ్ళు విడదీసి ఉంచమంటాం. లివర్ వడకట్టాల్సిన మలినాలు మెదడుకి చేరితే, ఆ అరచేతులు నిలవవు. టపటపా కొట్టుకుంటాయి. ఇంట్లోవాళ్ళని అడుగుతాం. "పగలు నిద్ర, రాత్రి మెలకువ ఉంటోందా? మాట తడబడుతోందా? సంతకం మారిందా?" భార్యలు వెంటనే చెప్తారు. "అవునండీ, నెల రోజులుగా రాత్రిళ్ళు నిద్రే లేదు, డబ్బు లెక్క కూడా తప్పుతున్నారు" అని. స్కానింగులో ఎంత వెతికినా దొరకని సమాచారం ఇది.

అయితే ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. పొట్టలో నీరు కొంచెమా, ఎక్కువా అన్నది చూసే డాక్టరుని బట్టి మారవచ్చు. రెండోది ఇంకా పెద్ద ఇబ్బంది. ఏ తరగతిలో ఉన్నవాళ్ళందరినీ ఇది ఒకే గాటన కట్టేస్తుంది. ఫస్ట్‌క్లాసులో పాసైన వాళ్ళలో అరవై మార్కుల వాళ్ళూ ఉంటారు, ఎనభై అయిదు మార్కుల వాళ్ళూ ఉంటారు. సర్టిఫికెట్టు మీద ఇద్దరికీ ఫస్ట్‌క్లాసే.

ఇద్దరు మనుషుల్ని ఊహించుకోండి. ఒకాయన తణుకు దగ్గర రైతు. ఇంకొకాయనకి జనగామలో బట్టల కొట్టు. ఇద్దరికీ లివర్‌లో నాలుగు సెంటీమీటర్ల గడ్డ, ఒక్కటే గడ్డ. పొట్టలో నీరు లేదు. మాట స్పష్టంగా ఉంది. ఐఎన్ఆర్ మామూలే. రైతుగారి అల్బుమిన్ 4.3, బైలిరుబిన్ 0.7. బట్టల కొట్టాయన అల్బుమిన్ 3.6, బైలిరుబిన్ 1.6. చైల్డ్ ప్యూ స్కోరు ప్రకారం ఇద్దరికీ అయిదే మార్కులు. ఇద్దరూ ఏ తరగతే. పాత లెక్కలో వీళ్ళిద్దరికీ తేడా లేదు.

2015లో ఫిలిప్ జాన్సన్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఇంకా అనేక దేశాల డాక్టర్లు కలిసి కొత్త లెక్క ఒకటి తెచ్చారు. ముందు జపాన్ రోగుల సమాచారంతో తయారుచేశారు. తరవాత యూరప్, అమెరికా, చైనా రోగుల మీద సరిచూశారు. ఆపరేషన్ అయినవాళ్ళ మీద కూడా సరిచూశారు. దాని పేరు ఆల్బీ. ఇందులో పొట్ట చూడటం లేదు, చేతులు చాపమనడం లేదు. అల్బుమిన్, బైలిరుబిన్, ఈ రెండే. రెండంకెలు ఒక సూత్రంలో వేస్తే ఒక విలువ వస్తుంది. దాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు గ్రేడులు. ఒకటి మంచిది. ఫోన్లోనే లెక్క కట్టుకోవచ్చు. మన ఉదాహరణలో రైతుగారికి ఒకటో గ్రేడు వస్తుంది. బట్టల కొట్టాయనకి రెండో గ్రేడు. పాత లెక్క ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టింది. కొత్త లెక్క విడదీసింది. ఈ విడదీత ఉత్తి అంకెల ఆట కాదు. చైల్డ్ ఏ తరగతి వాళ్ళలోనే, ఆల్బీ ఒకటో గ్రేడు వాళ్ళు రెండో గ్రేడు వాళ్ళ కన్నా ఎక్కువ కాలం బతికారని ఆ దేశాలన్నిటిలోనూ కనిపించింది.

మరోసారి చెప్తాను. గడ్డ సైజు ఒక్కటే. తరగతి ఒక్కటే. అయినా మిగిలిన లివర్ శక్తిని బట్టి భవిష్యత్తు వేరు.

ఈ విషయంలో జపాన్ సర్జన్లు చేసిన పని చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. టోక్యోలో మసతోషి మకూచి అనే సర్జన్ ఉండేవారు. ఆయన మూడు ప్రశ్నలతో ఒక పద్ధతి పెట్టుకున్నారు. మొదటి ప్రశ్న, పొట్టలో మందులకి లొంగని నీరుందా? ఉంటే ఆపరేషన్ లేదు. రెండో ప్రశ్న, బైలిరుబిన్ ఎంత? రెండుకి చేరితే ఆపరేషన్ లేదు. ఈ రెండూ దాటితే మూడో ప్రశ్న, ఆకుపచ్చ రంగు పరీక్ష.

ఇది చాలా అందమైన పరీక్ష. ఇండోసయనిన్ గ్రీన్ అని ఒక రంగు మందు. ఫొటోల ఫిల్ములు తయారుచేసే కొడాక్ కంపెనీ ప్రయోగశాలల్లో పుట్టింది. 1950ల చివర్లో వైద్యంలోకి వచ్చింది. చేతి నరంలోకి ఇంజెక్షన్ ఇస్తారు. ఈ రంగుని రక్తంలోంచి తీసేసేది లివర్ ఒక్కటే. కిడ్నీ తియ్యదు, ఊపిరితిత్తి తియ్యదు. లివర్ పట్టుకుని పైత్యరసంలోకి వదిలేస్తుంది. పదిహేను నిమిషాలు ఆగి, రక్తంలో ఇంకా ఎంత రంగు మిగిలిందో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే వందలో పది వంతుల లోపే మిగులుతుంది. ఇప్పుడు వేలికి క్లిప్పు తగిలించి కూడా కొలవచ్చు. మిగిలిన రంగు పదిలోపు ఉంటే సగం లివర్ దాకా, ఇంకా ఎక్కువ కూడా తియ్యడానికి మకూచి పద్ధతి ఒప్పుకుంటుంది. ఇరవై దాటితే చిన్న భాగం మాత్రమే. నలభై దాటితే గడ్డని మాత్రం ఒలిచి తియ్యడమే, అంతకి మించి ముట్టుకోకూడదు.

ఈ పద్ధతిని కచ్చితంగా పాటించి, ఎనిమిదేళ్ళలో 1056 లివర్ ఆపరేషన్లు చేసి, ఒక్క ప్రాణం కూడా పోలేదని టోక్యో బృందం 2003లో ప్రకటించింది. మళ్ళీ వినండి. 1056 ఆపరేషన్లు. ఒక్క మరణం లేదు. నూటికి పది, ఇరవైమంది పోయిన రోజుల నుంచి ఇక్కడికి. ఇందులో చేతి నైపుణ్యం ఉంది, మత్తుడాక్టర్ల నేర్పు ఉంది. ఎవరికి ఎంత కోయాలో, ఎవరికి అసలు కోయకూడదో ముందే తేల్చుకున్న క్రమశిక్షణ కూడా ఉంది. "మీకు ఆపరేషన్ వద్దు" అని చెప్పడం సర్జన్‌కి ఎంత కష్టమో, వినడం ఇంటివాళ్ళకి అంతకన్నా కష్టం. కాని ఆ మాట చాలాసార్లు ప్రాణం నిలబెట్టే మాటే. అలాంటి వాళ్ళకి గడ్డని సూదితో కాల్చే పద్ధతులున్నాయి, రక్తనాళం ద్వారా మందు పంపే పద్ధతులున్నాయి, కొందరికి లివర్ మార్పిడి ఉంది.

ఇంకొక అంకె గురించి చెప్పాలి. ప్లేట్‌లెట్లు. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే మనకి డెంగీ జ్వరం గుర్తొస్తుంది. బొప్పాయి ఆకు రసం గుర్తొస్తుంది. జ్వరం ఏమీ లేకుండా నెలల తరబడి ప్లేట్‌లెట్లు లక్షకి లోపలే ఉంటే, డాక్టరు ఆలోచన లివర్ మీదికి కూడా పోతుంది. పేగుల నుంచి రక్తం లివర్‌లోకి వచ్చే పెద్ద నాళం ఉంది. లివర్ గట్టిపడితే ఆ రక్తం సాఫీగా లోపలికి పోదు. వెనక ఒత్తిడి పెరుగుతుంది. ప్లీహం ఉబ్బి, ప్లేట్‌లెట్లని తనలోనే ఆపేసుకుంటుంది. ఈ ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఆపరేషన్ చేస్తే, పొట్టలో నీరు చేరి నెలల తరబడి తగ్గకపోవచ్చునని బార్సిలోనా డాక్టర్లు 1996లోనే హెచ్చరించారు. అందుకే బైలిరుబిన్ బాగున్నా, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే సర్జన్ మళ్ళీ ఆలోచిస్తాడు.

సైజు లెక్క కూడా ఉంది. సీటీ స్కాన్ మీద, కోసేశాక మిగిలే లివర్ ఎంతో ముందే కొలుస్తారు. మంచి లివర్ అయితే నాలుగోవంతు మిగిలినా గడుస్తుంది. సిర్రోసిస్ ఉంటే నలభై శాతమైనా మిగలాలి. చాలదనుకుంటే, తియ్యబోయే వైపు రక్తనాళాన్ని ముందే మూసేసి, కొన్ని వారాలు ఆగుతారు. రెండోవైపు పెరుగుతుంది. అప్పుడు ఆపరేషన్ చేస్తారు.

ఆపరేషన్ అయిపోయింది. ఇంక భయం లేదా? అయిదో రోజు దాకా ఆగాలి. ఆపరేషన్ అయిన మర్నాడు బైలిరుబిన్, ఐఎన్ఆర్ పెరగడం మామూలే. మూడో రోజు నుంచి దిగడం మొదలవ్వాలి. అయిదో రోజుకి కూడా బైలిరుబిన్ ఎక్కువగానే ఉండి, గడ్డకట్టే శక్తి సగం కన్నా తక్కువే ఉంటే, అది చాలా ప్రమాదమని పారిస్ పక్కన ఒక ఆసుపత్రి సర్జన్లు 2005లో చూపించారు. ఆ రెండూ ఉన్నవాళ్ళలో సగానికి పైగా దక్కలేదు. వార్డులో అయిదో రోజు పొద్దున్న వచ్చే రక్తపరీక్ష రిపోర్టు కోసం మేమందరం ఎందుకు ఎదురుచూస్తామో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఇంట్లోవాళ్ళు కుట్లు ఎలా ఉన్నాయని అడుగుతారు. మా మనసు బైలిరుబిన్ మీద ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆపరేషన్‌కి ముందు తీసిన రెండు మూడు రక్తపరీక్షలు, అయిదేళ్ళ తరవాత మనిషి ఉంటాడా అన్నది ఎలా చెప్పగలుగుతున్నాయి?

ఎందుకంటే లివర్ కేన్సర్ తిరిగి వస్తుంది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా, అయిదేళ్ళలో పదిమందిలో ఏడుగురి దాకా మళ్ళీ గడ్డ కనిపిస్తుంది. మొదటి రెండేళ్ళలో వచ్చేవి ఎక్కువగా పాత గడ్డ విత్తనాలే. అప్పటికే కంటికి కనపడకుండా చుట్టుపక్కల చేరినవి. ఆ తరవాత వచ్చేవి చాలావరకు కొత్త గడ్డలు. జబ్బు లివర్ కొత్తగా పుట్టించినవి. లివర్ ఎంత పాడైతే కొత్త గడ్డకి అంత అవకాశం. అది ఒక దారి. రెండో దారి ఏమిటంటే, గడ్డ తిరిగి వచ్చినప్పుడు ఏ వైద్యం చెయ్యాలన్నా లివర్‌కి ఓపిక ఉండాలి. అల్బుమిన్ బాగున్న మనిషికి మళ్ళీ ఆపరేషన్ చెయ్యవచ్చు, కాల్చవచ్చు, మాత్రలు ఇవ్వవచ్చు. అల్బుమిన్ పడిపోయి, పొట్టలో నీరు చేరిన మనిషికి దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. మూడో దారి, కేన్సర్ తిరిగి రాకపోయినా లివర్ జబ్బే ముదిరి మనిషిని తీసుకుపోవచ్చు. ఈ మూడింటి జాడా ఆ అల్బుమిన్, బైలిరుబిన్ అంకెల్లో ముందే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఈ స్కోర్లు వందమంది గురించి చెప్తాయి. ఆ వందలో మీ నాన్నగారు ఎన్నోవారో చెప్పవు. రెండో గ్రేడు వచ్చినా పదేళ్ళు బతికినవాళ్ళుంటారు. అంకె తప్పుదోవ పట్టించే సందర్భాలు కూడా ఉంటాయి. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా బైలిరుబిన్ పెరుగుతుంది. కిడ్నీలోంచి ప్రోటీను పోయినా, పెద్ద ఇన్‌ఫెక్షన్ వచ్చినా అల్బుమిన్ తగ్గుతుంది. విటమిన్ కె లోపించినా ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఇంటర్నెట్లో రెండంకెలు వేసుకుని, వచ్చిన గ్రేడు చూసి ఇంట్లో ఏడుస్తూ కూర్చోకండి. ఆ అంకెని మీ డాక్టరు ముందు పెట్టి, ఎందుకలా వచ్చిందని అడగండి.

ఇంకా మంచి ప్రశ్న, దీన్ని మార్చగలమా అని. చాలామందిలో కొంతవరకు మార్చగలం.

హెపటైటిస్ బి ఉంటే రోజుకో మాత్ర. టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మందులు. ఇవి వైరస్‌ని అణచి ఉంచుతాయి. ఆపరేషన్ తరవాత ఇలాంటి మాత్రలు వాడినవాళ్ళలో కేన్సర్ తిరిగి రావడం తక్కువగా ఉందని తైవాన్‌లో చేసిన పెద్ద పరిశీలన 2012లో చూపించింది. గడ్డ తీసేశారు కదా అని ఈ మాత్ర ఆపేసేవాళ్ళున్నారు. ఆపకండి. డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర ఒక్కరోజు కూడా ఆపకండి. హెపటైటిస్ సి అయితే ఇప్పుడు మూడు నెలల మాత్రలతో చాలామందికి పూర్తిగా పోతుంది. మందు తాగే అలవాటుంటే పూర్తిగా మానాలి. తగ్గించడం కాదు, మానడం. మానిన కొన్ని నెలల్లోనే అల్బుమిన్ పెరిగి, బైలిరుబిన్ దిగిన వాళ్ళు మాకు తరచూ కనిపిస్తారు.

తిండి దగ్గర మన ఇళ్ళలో ఒక పెద్ద కష్టం ఉంది. లివర్ జబ్బు అనగానే పథ్యం మొదలుపెడతాం. నూనె బంద్, పప్పు బంద్, గుడ్డు బంద్. మజ్జిగన్నం, చారన్నం, అంతే. ప్రేమతోనే చేస్తారు. అమ్మలు, భార్యలు తాము కూడా అదే తిని తోడుంటారు. కాని ఆ పథ్యం మనిషిని లోపలినుంచి తినేస్తుంది. సిర్రోసిస్ ఉన్న శరీరం రాత్రి కొద్ది గంటలు ఖాళీగా ఉంటే చాలు, కండని కరిగించుకోవడం మొదలుపెడుతుంది. భుజాల ఎముకలు తేలతాయి, తొడలు సన్నబడతాయి, పొట్ట మాత్రం ముందుకి వస్తుంది. కండ లేని మనిషి ఆపరేషన్‌కి తట్టుకోలేడు. వీళ్ళకి ప్రోటీను మామూలు మనిషి కన్నా ఎక్కువే కావాలి. కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా. పప్పు, పెరుగు, గుడ్డు, చేపలు, పెసలు, శనగలు. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. ఒక గ్లాసు పాలూ రెండు ఇడ్లీలూ అయినా సరే. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించాలి, అంతే. పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు పక్కన పెట్టాలి. ప్రోటీను మానకూడదు. మళ్ళీ అంటున్నాను. ఉప్పు తగ్గించండి. పప్పు, గుడ్డు మానకండి.

అల్బుమిన్ బాటిలు ఎక్కిస్తే సరిపోదా అని అడిగేవాళ్ళుంటారు. ఖర్చుపెట్టి, అప్పు చేసి మరీ ఎక్కిస్తారు. కొన్ని అత్యవసర సందర్భాల్లో ఆ బాటిలు ప్రాణం కాపాడుతుంది, నిజమే. కాని ఆపరేషన్‌కి ముందు రిపోర్టు బాగా రావాలని ఎక్కిస్తే, రిపోర్టులో అంకె పెరుగుతుంది. లివర్ శక్తి పెరగదు. మనం కొలవాలనుకున్నది లివర్ తయారుచేసే అల్బుమిన్‌ని. బయటినుంచి పోసినదాన్ని కాదు.

కామెర్లకి పసరు పోయించుకోవడం, కళ్ళల్లో చుక్కలు వేయించుకోవడం ఇంకా మన పల్లెల్లో ఉంది. మామూలు కామెర్లు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ పసరుకి పేరొస్తుంది. సిర్రోసిస్ వల్ల వచ్చిన కామెర్లు అలా తగ్గవు. అక్కడ పోయే రెండు నెలలే, ఒకటో గ్రేడు మనిషిని రెండో గ్రేడుకి దింపేయగలవు.

ఈ లివర్ జబ్బు మూలాన్నే కొట్టే మందు ఒకటి మన హైదరాబాదులోనే తయారైంది. హెపటైటిస్ బి టీకా. 1990లలో విదేశాల నుంచి వచ్చే ఆ టీకా ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. వరప్రసాద్ రెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో మనదేశంలోనే తయారుచేసి, ధర నేలకి దించింది. తైవాన్‌లో 1984లో మొదలుపెట్టి, 1986 నుంచి పుట్టిన పిల్లలందరికీ ఈ టీకా వేస్తే, కొన్నేళ్ళకి పిల్లల్లో లివర్ కేన్సర్ తగ్గిపోయింది. ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో బిడ్డ పుట్టిన ఇరవైనాలుగు గంటల్లో ఉచితంగా వేస్తారు. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి ఉందని తెలిస్తే, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, భార్య, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోవాలి. లేనివాళ్ళు టీకా వేయించుకోవాలి. ఉన్నవాళ్ళు ఆరునెలలకోసారి లివర్ స్కానింగు చేయించుకోవాలో లేదో డాక్టరుని అడగాలి.

ఆపరేషన్ అయినవాళ్ళు మొదటి రెండేళ్ళు మూడు నాలుగు నెలలకోసారి, ఆ తరవాత ఆరు నెలలకోసారి స్కానింగుకి రావాలి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకుని తీసుకురండి. ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీసి, తారీకు, అల్బుమిన్, బైలిరుబిన్ రాసి పెట్టుకోండి. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలకి ఆ పని అప్పజెప్పండి. అల్బుమిన్ 4.1 నుంచి 3.8కి, 3.8 నుంచి 3.5కి జారుతోందనుకోండి. విడివిడిగా చూస్తే ప్రతి రిపోర్టూ పరవాలేదనే అనిపిస్తుంది. వరసగా చూస్తేనే జారుడు తెలుస్తుంది. ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి. గడ్డ మళ్ళీ వచ్చిందా అని అడిగిన నోటితోనే, లివర్ ఎలా ఉందని కూడా అడగండి.